పారే నీటిని ఆపితే: పైపుల్లో పీడన ఉప్పెన, దాని లెక్కల చరిత్ర

కుళాయిని ఒక్క ఊపున కట్టేసినప్పుడు గోడ లోపల ‘ఠంగు’మని చప్పుడు రావడం మీరు వినే ఉంటారు. పైపు వదులుగా ఉండటం వల్ల వచ్చిన చప్పుడని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. బిగింపు వదులైన పైపు ఎక్కువ మోగుతుంది. కానీ ఆ పైపును కొట్టింది మాత్రం నీరే. పరుగెత్తుతున్న నీటిని ఉన్నపళంగా ఆపితే, అది తన వేగాన్ని పీడనంగా మార్చి గొట్టం గోడల మీద చూపిస్తుంది. దీన్ని ఇంగ్లీషులో వాటర్ హ్యామర్, అంటే నీటి సుత్తి అంటారు. ఫ్రెంచివారు పొట్టేలు దెబ్బ అంటారు. పొట్టేళ్ల పందెం చూసినవారికి ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో వేరే చెప్పక్కరలేదు. నేటి ఇంజనీర్లు ఎక్కువగా వాడే మాట సర్జ్. దానికి మన కోస్తా జిల్లాల్లో అచ్చమైన మాట ఉండనే ఉంది: ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదాన్ని మనం ఆ పేరుతోనే గుర్తుంచుకున్నాం. సముద్రపు ఉప్పెనకు గాలివాన కారణం, పైపులోని ఉప్పెనకు ఆగిన ప్రవాహం కారణం. కారణాలు వేరైనా, నీరు తన మామూలు హద్దు దాటి మీద పడటం రెండింటిలోనూ ఉంది. అందుకే ఈ వ్యాసంలో పీడన ఉప్పెన అనే మాటే వాడుకుందాం.

ఇంట్లో కుళాయికి ఇది చప్పుడుతో పోతుంది. కర్మాగారంలో, ఎత్తిపోతల పథకంలో, నౌక నుంచి చమురు దింపే జెట్టీలో అలా పోదు. అక్కడ పైపు చీలుతుంది, పంపు విరుగుతుంది, కొన్నిసార్లు మనుషులు పోతారు. అయితే ప్రతి పైపుకూ ఈ లెక్క వేస్తూ కూర్చోవాలా? అక్కరలేదు. మరి దేనికి వేయాలి, దేనికి మానవచ్చు? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ కథలో బెలూన్లు ఎగరేసినవాడు, ఇటలీ ప్రధానమంత్రి, నాడి పరీక్షించిన వైద్యశాస్త్రవేత్త, మాస్కో నగరపు నీటి పైపులు అన్నీ ఉన్నాయి.

ముందుగా నీటి బరువు సంగతి చూడండి. ఒక మీటరు వ్యాసం, ఒక కిలోమీటరు పొడవు ఉన్న పైపులో సుమారు 785 టన్నుల నీరు పడుతుంది. అది సెకనుకు 2 మీటర్ల వేగంతో పారుతోందనుకోండి. అంటే 785 టన్నుల గూడ్సు బండి గంటకు 7 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కదులుతున్నట్టు. దాన్ని ఒక్క క్షణంలో ఆపమంటే ఏమవుతుంది? గూడ్సు బండి షంటింగ్ చూశారా? ఇంజను ఆగగానే బండి మొత్తం ఒకేసారి ఆగదు. మొదటి పెట్టె ఇంజనుకు కొట్టుకుంటుంది, రెండోది మొదటిదానికి, మూడోది రెండోదానికి. ‘ధన్ ధన్’ మంటూ ఆ దెబ్బ చివరి పెట్టె దాకా పాకుతుంది. పైపులో నీరూ అంతే. కవాటం దగ్గరి నీరు ముందు ఆగుతుంది, నొక్కుకుంటుంది. దాని వెనుక నీరు వచ్చి దానికి తగులుతుంది. ఈ తాకిడి ఒక అలగా పైపు వెంట వెనక్కి పరుగెత్తుతుంది. ఉక్కు పైపులో దాని వేగం సెకనుకు సుమారు 1000 మీటర్లు లేదా కాస్త ఎక్కువ.

ఈ శక్తిని మనిషి ముందు పనికి పెట్టుకున్నాడు, లెక్క ఆ తరువాతే వేశాడు. 1772లో ఇంగ్లండులో జాన్ వైట్‌హర్స్ట్ అనే గడియారాల నిపుణుడు చెషైర్ ప్రాంతంలోని ఒక ఇంట్లో చిత్రమైన ఏర్పాటు చేశాడు. కింది కుళాయిని తెరిచి మూసినప్పుడల్లా వచ్చే నీటి దెబ్బతో కొంత నీరు ఎత్తున ఉన్న తొట్టిలోకి ఎక్కేది. ఇరవై నాలుగేళ్ల తరువాత, 1796లో, ఫ్రాన్సులో జోసెఫ్ మాంగోల్ఫియే ఈ తెరిచి మూసే పనిని తనంతట తాను జరిగేలా చేశాడు. 1783లో తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూన్‌ను ఎగరేసింది ఈయనే. ఈ యంత్రానికి ఆయన పెట్టిన పేరు ‘నీటి పొట్టేలు’. నూనె లేదు, కరెంటు లేదు; పారే నీటిలో కొంత భాగం తన దెబ్బతో మరికొంత నీటిని కొండ మీదికి ఎక్కిస్తుంది. హైడ్రాలిక్ ర్యామ్ అనే పేరుతో కొండ ప్రాంతాల్లో ఇప్పటికీ అది కనిపిస్తుంది.

అదే 1796లో అండమాన్‌లో బ్రిటిష్‌వారు తమ మొదటి స్థావరాన్ని ఎత్తేశారు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నెలకొల్పిన ఆ వలస జబ్బుల దెబ్బకు నిలవలేదు. ఆ తరువాత 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో మళ్లీ అక్కడ దిగాడు. తాగునీటి కొరత మొదటి రోజుల నుంచే వారిని వెంటాడింది. ఆ 1858 మన కథలోనూ ముఖ్యమైన సంవత్సరమే. ఇటలీకి చెందిన లుయీజి మెనాబ్రియా పైపుల్లో నీటి దెబ్బ గురించి ఒక చిన్న పత్రం ఫ్రెంచి అకాడమీకి సమర్పించింది అప్పుడే. నీరు కొద్దిగా నొక్కుకుంటుంది, గొట్టం కొద్దిగా సాగుతుంది, పారే నీటిలోని శక్తి ఈ రెండింటిలోకి చేరుతుంది అని ఆయన లెక్క కట్టాడు. ఈయన సైనిక ఇంజనీరు. తరువాత 1867 నుంచి 1869 వరకు ఇటలీకి ప్రధానమంత్రి. ఇంకో ముచ్చట కూడా ఉంది. చార్లెస్ బాబేజ్ ఊహించిన గణన యంత్రం గురించి 1842లో ఫ్రెంచిలో వ్యాసం రాసిందీ ఈయనే. దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, తన వివరణలు చేర్చి ఏడా లవ్‌లేస్ ప్రసిద్ధురాలైంది. నీటి దెబ్బ గురించి తొలి లెక్క వేసిన మనిషే, వందేళ్ల తరువాత ఆ లెక్కలన్నీ చేయబోయే కంప్యూటరు జాతి గురించి కూడా మొదట రాసినవారిలో ఒకడు కావడం విశేషం.

అసలు సూత్రం మాత్రం ఇంజనీర్ల కన్నా ముందు వైద్యశాస్త్రంలో పుట్టింది. 1883లో జర్మనీకి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ఫాన్ క్రీస్ మన ధమనుల్లో నాడి అల ఎలా నడుస్తుందో పరిశీలిస్తూ, వేగంలో మార్పుకూ పీడనంలో మార్పుకూ ఉన్న సంబంధాన్ని రాశాడు. మణికట్టు దగ్గర మీ వేలికి తగిలే నాడి కూడా పైపులో నడిచే పీడన అలే కదా. కానీ వైద్యుల పుస్తకాలను నీటి ఇంజనీర్లు చదవరు. ఆ సూత్రం వారికి మళ్లీ మొదటి నుంచి పుట్టాల్సి వచ్చింది.

అది పుట్టింది మాస్కోలో. అక్కడి నీటి సరఫరా పైపులు తరచు పగులుతుంటే, నగర నీటి సరఫరా బాధ్యుడు జీమిన్ ఆ సమస్యను నికొలాయ్ జుకోవ్‌స్కీ ముందు పెట్టాడు. విమానం రెక్కకు లేపుడు శక్తి ఎలా వస్తుందో చెప్పిన శాస్త్రవేత్తగా జుకోవ్‌స్కీ పేరు మీరు వినే ఉంటారు. ఆయన 1897లో అలెక్సేయెవ్‌స్కయా పంపింగ్ కేంద్రం దగ్గర 2 అంగుళాల నుంచి 24 అంగుళాల దాకా వేర్వేరు పైపులు పరిపించి, చివర కవాటం ఠక్కున మూసి, పీడనం ఎలా పెరుగుతుందో కొలిచాడు. 1898లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో ఫ్రిజెల్ అనే ఇంజనీరు కూడా విడిగా అదే సంబంధాన్ని చెప్పాడు గానీ, పేరు మాత్రం జుకోవ్‌స్కీకే దక్కింది. అంత విస్తృతమైన ప్రయోగాలు చేసి చూపిన తరువాత అది న్యాయమేనని నా అభిప్రాయం.

ఆయన సూత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ద్రవం సాంద్రతను అల వేగంతో గుణించి, ఆగిపోయిన ప్రవాహ వేగంతో మళ్లీ గుణిస్తే పెరిగే పీడనం వస్తుంది. నీటికి, ఉక్కు పైపుకు దీన్ని అన్వయిస్తే గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క దొరుకుతుంది. సెకనుకు 1 మీటరు వేగాన్ని హఠాత్తుగా ఆపితే సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి స్తంభం మోపేంత పీడనం, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోలు, అదనంగా వచ్చి పడుతుంది. ఇందాకటి 2 మీటర్ల వేగానికి 20 కిలోలు. ఇది పైపులో మామూలుగా ఉన్న పీడనానికి పైన అని మరువకండి.

ఈ లెక్కలో పైపు పొడవు ఎక్కడా లేదు, గమనించారా? చిన్న పైపైనా పెద్ద పైపైనా దెబ్బ ఒకటే అన్నట్టు ఉంది. మరి ఇంటి కుళాయి ఎందుకు పగలదు? ఇక్కడే కాలం ప్రవేశిస్తుంది. కవాటం దగ్గర పుట్టిన అల పైపు అవతలి కొస దాకా వెళ్లి, అక్కడి చెరువుకో తొట్టికో తగిలి, ఉపశమనం మోసుకుని తిరిగి వస్తుంది. ఆ రాకపోకల కాలం లోపల కవాటం మూసుకుపోతే దెబ్బ పూర్తిగా పడుతుంది. అల తిరిగి వచ్చేసరికి కవాటం ఇంకా కొంత తెరిచే ఉంటే దెబ్బ తగ్గుతుంది. పది మీటర్ల ఇంటి పైపులో ఈ రాకపోకలకు సెకనులో యాభయ్యో వంతు చాలు. ఎంత చురుకైన చేయీ కుళాయిని అంత త్వరగా కట్టలేదు. అయిదు కిలోమీటర్ల పైపులో పది సెకన్లు పడుతుంది. అక్కడ మూడు సెకన్లలో మూసిన కవాటం ఒక్క క్షణంలో మూసినట్టే లెక్క. మూసినవాడికి మాత్రం తాను మెల్లగానే మూశానని అనిపిస్తుంది.

కాబట్టి మన ప్రశ్న ‘పైపు ఎంత పీడనం తట్టుకుంటుంది?’ అన్నది కాదు. ‘నీరు ఎంతసేపట్లో ఆగుతుంది, ఆ సంగతి అవతలి కొసకు తెలిసి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుంది?’ అన్నది. ‘అనుమానమైతే కాస్త మందమైన పైపు వేసేద్దాం’ అనే మాట పని జరిగే చోట తరచు వినిపిస్తుంది. మందం పెరిగితే పైపు బలం పెరిగే మాట నిజమే. కానీ పైపు బిగువైనకొద్దీ అల వేగం కూడా పెరుగుతుంది, దెబ్బా కొంత పెరుగుతుంది. ప్లాస్టిక్ పైపు సాగుతుంది కనుక అందులో అల నెమ్మదిగా నడుస్తుంది, దెబ్బ తక్కువ. కాకపోతే ఆ పైపు తట్టుకోగల పీడనమూ తక్కువే. ఏ పైపుకైనా లెక్క వేసి చూడాల్సిందే.

ఇటలీ ఇంజనీరు లొరెంజో అల్లియేవి 1902లోను, మరింత విస్తారంగా 1913లోను, మెల్లగా మూసే కవాటాలకు కూడా వర్తించే సిద్ధాంతాన్ని, పటాలను ఇచ్చాడు. 1930 ప్రాంతాల్లో ష్నైడర్, బెర్జెరాన్ అనేవారు గ్రాఫు కాగితం మీద గీతలు గీసి జవాబు రాబట్టే పద్ధతి తెచ్చారు. 1960లలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన స్ట్రీటర్, వైలీ ఈ పనిని కంప్యూటరుకు అప్పగించారు. అప్పటి నుంచి లెక్క వేయడం కష్టమనే సాకు పోయింది. లెక్క వేయాలని తోచకపోవడమే మిగిలింది.

తోచకపోతే ఏమవుతుందో 1950లో జపానులోని ఓయిగావా జలవిద్యుత్ కేంద్రంలో తెలిసింది. ఒక కవాటం తప్పుగా మూసుకోవడంతో పీడనం పెరిగి కింది భాగంలో పెద్ద ఉక్కు గొట్టం చీలిపోయింది. ఆ చీలిక గుండా నీరు ఒక్కసారిగా బయటికి దూకింది. దాంతో పై భాగంలో గొట్టం ఖాళీ అయి, లోపల శూన్యం ఏర్పడి, బయటి గాలి ఒత్తిడికి నలిగిపోయింది. ముగ్గురు కార్మికులు మరణించారు. ఒకే ప్రమాదంలో ఒక చోట గొట్టం పగిలింది, ఇంకో చోట చప్పిడిపోయింది. పీడన ఉప్పెనకు ఈ రెండో ముఖం ఉంది. అదే ఎక్కువ మోసకారి.

ఆ ముఖం పంపుల దగ్గర కనిపిస్తుంది, ఇక్కడి నుంచి కథ మన నేల మీదికి వస్తుంది. తెలుగు రైతుకు శతాబ్దాలుగా నీరు తోడటం తెలుసు. ఏతం, కపిల, మోట దేనికీ ఈ బెడద లేదు. ఎద్దు ఆగితే బొక్కెన ఆగుతుంది, అంతే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, ఆ తరువాత వందేళ్లకు 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్, ఇవన్నీ ప్రధానంగా కాలువల పథకాలు. కాలువకు మూత లేదు. తూము దించితే నీరు కట్టల మధ్య కాస్త పొంగి సర్దుకుంటుంది. మూత ఉన్న గొట్టంలో నీటికి పొంగే చోటు లేదు, అందుకే అది గొట్టాన్ని కొడుతుంది. ఇరవై ఒకటో శతాబ్దం మొదలయ్యేసరికి మన నీటి పథకాలు కాలువ నుంచి పైపుకు, పల్లం నుంచి ఎత్తుకు మళ్లాయి. దేవాదుల, కల్వకుర్తి, హంద్రీ-నీవా వంటి ఎత్తిపోతలు అలా వచ్చినవే.

హైదరాబాదు తాగునీటినే తీసుకోండి. సాగర్ జలాశయం కృష్ణా లోయలో ఉంది, నగరం దక్కన్ పీఠభూమి మీద ఉంది. 2004లో మొదటి దశ పూర్తయిన కృష్ణా పథకంలో కోదండాపూర్ దగ్గర శుద్ధి చేసిన నీటిని నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా అంచెలంచెలుగా పంపులతో ఎక్కిస్తారు. ఇలాంటి పథకంలో ప్రమాద క్షణం కవాటం మూసినప్పుడు కాదు, కరెంటు పోయినప్పుడు వస్తుంది. అప్పుడు ఏం జరుగుతుందో వరుసగా ఊహించండి. కరెంటు పోతుంది. పంపు చక్రం కొద్ది సెకన్లలో నెమ్మదిస్తుంది. పైకి వెళ్తున్న నీరు మాత్రం జడత్వంతో ఇంకా పైకే పోతుంటుంది. వెనుక నుంచి తోసేది లేదు కనుక పంపు దగ్గర పీడనం పడిపోతుంది. ఆ తగ్గుదల అలగా పైకి పాకుతుంది. దారిలో పైపు ఏదైనా గుట్ట మీదుగా వెళ్తే, ఆ మిట్ట దగ్గర పీడనం బయటి గాలి కన్నా తగ్గి నీరు ఆవిరిగా మారుతుంది. చల్లని నీరే, మరిగించకుండానే ఆవిరి బుడగ అవుతుంది. నీటి స్తంభం అక్కడ రెండుగా తెగుతుంది. కొద్ది సెకన్ల తరువాత పై భాగం తిరిగి కిందికి జారుతుంది, బుడగ చిట్లిపోతుంది, రెండు నీటి స్తంభాలు పొట్టేళ్లలా ఢీకొంటాయి. పైపు చాలాసార్లు పగిలేది ఆ ఢీ వల్లే. కరెంటు పోయిన కాసేపటికి, పంపులన్నీ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఎక్కడో మైళ్ల దూరంలో పైపు పేలుతుంది. కాపలాదారు ‘పంపు ఆపేశాకే పగిలింది సార్, మాకేం సంబంధం’ అంటాడు. అతడి మాట అబద్ధం కాదు.

దీనికి మందులు ఉన్నాయి. పంపుకు బరువైన గతిపాలక చక్రం తగిలిస్తే అది నెమ్మదిగా ఆగుతుంది. సంపీడన గాలి నింపిన ట్యాంకును పైపుకు కలిపితే, పీడనం తగ్గినప్పుడు అది నీరు ఇస్తుంది, పెరిగినప్పుడు తీసుకుంటుంది. మిట్టల మీద గాలి వాల్వులు పెడతారు. వెనక్కి జారే నీరు వేగం పుంజుకోకముందే మూసుకునే జీరో వెలాసిటీ వాల్వులు వాడతారు. కేంద్ర ప్రభుత్వం 1999లో వెలువరించిన నీటి సరఫరా మాన్యువల్‌లో వీటికి ప్రత్యేక చర్చే ఉంది. కానీ ఏ మందు ఎంత మోతాదులో ఎక్కడ వేయాలో చెప్పేది విశ్లేషణ మాత్రమే. లెక్క లేకుండా తోచిన చోట పెట్టిన గాలి వాల్వు, లోపలి గాలిని మరీ త్వరగా వదిలేసి, తానే కొత్త దెబ్బకు కారణం కావచ్చు.

పరిమాణంలో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ కాళేశ్వరం. 2019 జూన్ 21న ప్రారంభమైన ఆ పథకంలో, కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లున్న ఏడు పంపులు పెట్టారు. వాటి ముందు కొండను తొలిచి కట్టిన పెద్ద జలగుహకు పెట్టిన పేరే సర్జ్ పూల్. చూడటానికి వెళ్లినవాళ్లు దాన్ని నీరు నిల్వ చేసే తొట్టి అనుకున్నారు. దాని పని వేరు. పంపులు ఒక్కసారిగా ఆగితే సొరంగం నిండా వస్తున్న నీరు తలుపు మూసిన గోడకు కొట్టుకోకుండా, పైకి లేచి ఊగి సర్దుకోవడానికి అది చోటిస్తుంది. పంపులు మొదలైనప్పుడు, సొరంగంలోని నీరు వేగం పుంజుకునేదాకా అప్పు ఇస్తుంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన సంగతికీ దీనికీ సంబంధం లేదు; అది వేరే సమస్య, వేరే చోట.

ఇలా వేరుచేసి చూడటం కూడా మన ప్రశ్నలో భాగమే. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. అక్కడ కారణం పైపు తుప్పు పట్టడం. వాయువు మెత్తగా నొక్కుకునే పదార్థం; ద్రవంలా సుత్తి దెబ్బ కొట్టదు. అలాంటి లైనుకు కావలసింది తుప్పు పరీక్షలు. కానీ ఆవిరి పైపు సంగతి వేరు. ఆగి ఉన్న ఆవిరి లైనులో అడుగున చల్లబడ్డ నీరు చేరుతుంది. దాని మీదికి ఆవిరిని ఒక్కసారిగా వదిలితే ఆ నీరు ముద్దగా లేచి తూటాలా దూసుకుపోతుంది. 1989 ఆగస్టు 19న న్యూయార్కులో వీధి కింద ఆవిరి పైపు అలాగే పేలి ముగ్గురు చనిపోయారు. చక్కెర ఫ్యాక్టరీలోనో థర్మల్ కేంద్రంలోనో పనిచేసే మీకు, కొత్తగా వేడెక్కుతున్న లైనులో ‘టకటక’ శబ్దం వినిపిస్తే, అడుగు నీరు పూర్తిగా వదిలేదాకా కవాటం ముట్టుకోకండి. దీనికి కంప్యూటరు లెక్క కన్నా ముందు డ్రెయిన్లు, ట్రాపులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం అవసరం.

ఇప్పుడు అండమాన్ వద్దాం. ఒకప్పటి పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకారుల కుటుంబాలు జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డాయి. అక్కడి డిగ్నాబాద్‌లోనో డెలానిపూర్‌లోనో ఉండే తెలుగు పాఠకుడికి ఈ విషయం పుస్తకాల ముచ్చట కాదు. పట్టణమంతా మిట్టపల్లాలు. ప్రధాన నీటి వనరు ధనిఖారీ ఆనకట్ట. వేసవిలో నీరు రోజు విడిచి రోజు, కొన్నిసార్లు అంతకన్నా ఆలస్యంగా వస్తుంది. ముఖ్యభూమి గ్రిడ్‌తో సంబంధం లేని, ఎక్కువగా డీజిల్ జనరేటర్ల మీద నడిచే కరెంటు. పైన చెప్పినదంతా ఒకసారి గుర్తు చేసుకోండి: మిట్టల మీదుగా వెళ్లే పైపు, ఆగే అవకాశం ఉన్న పంపు, మధ్యమధ్య ఖాళీ అయ్యే లైను. విశ్లేషణ కావాలనే మూడు లక్షణాలూ ఇక్కడ ఒకే చోట ఉన్నాయి.

ఖాళీ అయ్యే లైను గురించి కాస్త చెప్పాలి. నీళ్లు వచ్చే ముందు కుళాయి ‘సుయ్’మని గాలి వదలడం మీకు తెలుసు. మళ్లీ నిండుతున్న పైపులో నీరు ముందున్న గాలిని తరుముతూ వస్తుంది. గాలి పలుచన కనుక చిన్న సందులోంచి కూడా వేగంగా బయటపడుతుంది, నీరు కూడా అంతే వేగంతో వస్తుంది. చివరి గాలి పోయి నీరు ఆ సందుకు చేరగానే దారి ఇరుకై ఒక్కసారిగా ఆగినంత పనవుతుంది. రోజూ ఆపి రోజూ వదిలే సరఫరాలో ఈ దెబ్బ రోజూ పడుతుంది. ఒక్క దెబ్బకు పైపు పగలకపోవచ్చు. ఏళ్ల తరబడి కీళ్లు వదులవుతాయి. ఆ తరువాత పైపులో పీడనం పడిపోయినప్పుడు ఆ వదులు కీళ్ల గుండా చుట్టుపక్కల మురుగు లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు పీడన ఉప్పెన ఇంజనీరు సమస్యగా ఉండదు, ఆసుపత్రి సమస్య అవుతుంది. లైను నింపేటప్పుడు మెల్లగా, పంపు కవాటాన్ని కొద్దికొద్దిగా తెరుస్తూ నింపమని పాత పంపు ఆపరేటర్లు చెప్పే మాటకు ఇదే అర్థం.

అదే రేవుకు అవతల హోప్ టౌన్ ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హత్య జరిగిన చోటుగా చరిత్ర పుస్తకాల్లో దాన్ని చదివి ఉంటారు. నేడు అక్కడి జెట్టీకి చమురు నౌకలు వచ్చి ద్వీపాలకు ఇంధనం దింపుతాయి. నౌక నుంచి ట్యాంకుల దాకా పైపు వేసే ఏ జెట్టీకైనా ఉప్పెన లెక్క ఎందుకు తప్పదో ఊహా అంకెలతో చూద్దాం. రెండు కిలోమీటర్ల లైను, సెకనుకు 3 మీటర్ల వేగం, డీజిల్ సాంద్రత నీటిలో 85 శాతం, అల వేగం 1100 మీటర్లు అనుకోండి. అల రాకపోకలకు నాలుగు సెకన్లు కూడా పట్టదు. ఆ లోపల అత్యవసర కవాటం మూసుకుంటే పెరిగే పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 28 కిలోలు. నౌకను తీరానికి కలిపే రబ్బరు గొట్టాలు చాలావరకు అంత పీడనానికి చేసినవి కావు. ఇక్కడి చిక్కు చూడండి: నిప్పు అంటుకుంటే కవాటం వెంటనే మూయాలంటాడు భద్రతాధికారి. వెంటనే మూస్తే గొట్టం చిట్లి నూనె నిప్పు మీదే పడుతుంది. ఇద్దరి మాటా సగం సగం నిజం. ఎన్ని సెకన్లలో మూయాలో తేల్చేది, అవసరమైతే పీడనాన్ని పక్క ట్యాంకులోకి వదిలే కవాటం ఎంత పెద్దది ఉండాలో చెప్పేది విశ్లేషణే. నౌకలకు, టెర్మినళ్లకు సంబంధించిన అంతర్జాతీయ భద్రతా మార్గదర్శకాల్లో ఈ మూసే కాలం గురించి ప్రత్యేకంగా చెబుతారు. నౌకా, తీరమూ దాన్ని ముందుగా మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవాలి.

కొత్త లైనుకు లెక్క వేస్తాం సరే, పాత లైను సంగతి? ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పాత గేటు వాల్వును మూయాలంటే చక్రాన్ని పదుల సార్లు తిప్పాలి. ఆ శ్రమే దానికి రక్షణ. అది పాడైతే ఇప్పుడు పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వో బటర్‌ఫ్లై వాల్వో పెడతారు. చవక, తేలిక, కారదు. పైపు మారలేదు, పంపు మారలేదు, పీడనం మారలేదు. మూసే కాలం మాత్రం రెండు నిమిషాల నుంచి ఒక సెకనుకు పడిపోయింది. అలాగే ఉత్పత్తి పెంచడానికి పెద్ద పంపు పెట్టినా, రెండు లైన్లను కలిపినా, మనిషి తిప్పే కవాటానికి గాలితో పనిచేసే యాక్చుయేటరు బిగించినా, పాత లెక్క చెల్లిపోయినట్టే.

పొట్టి లైన్లకు, మెల్లగా పారే వాటికి, కొండ కిందికి తెరిచి ఉన్న డ్రెయిన్లకు ఈ శ్రమ అక్కరలేదు. కొన్ని వందల మీటర్లకు మించిన లైను, సెకనుకు మీటరుకు పైబడిన వేగం, ఎత్తు మీదికి తోసే పంపు, మధ్యలో మిట్ట, ఒక్కసారిగా మూసుకునే కవాటం, నురగలు కక్కే లేదా విషపు ద్రవం: వీటిలో ఏ రెండు కలిసినా నేనైతే లెక్క వేయిస్తాను. వేయించాక కూడా, పంపు ఆగినప్పుడు పీడనం ఎలా ఊగుతుందో మొదటి రోజే మీటరు పెట్టి రాసుకుంటాను. సెకనుకు వంద సార్లు పీడనం నమోదు చేసే పరికరం కావాలి దీనికి. గోడకు తగిలించిన ముల్లు గేజీ చూస్తే ఏమీ తెలియదు. దాని ముల్లు కదిలేలోపు ఉప్పెన వచ్చి పోయి ఉంటుంది.